సలీం అలీ గురించి మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

ఆదివారం తెల్లారగట్ల పిల్లల్ని చెరువుగట్టు మీదికి పిట్టలు చూపించడానికి తీసుకెళ్తుంటాం. తీరా వెళ్లాక వాళ్లు పిట్టల గురించి రెండు ప్రశ్నలు అడిగి, నా సంచీలోని పుస్తకం అట్ట మీద పేరు చూసి సలీం అలీ గురించి పది అడుగుతారు. వెంట వచ్చిన పెద్దవాళ్లదీ అదే వరస. నవంబరు దగ్గర పడితే స్కూలు టీచర్లు ఫోన్లు మొదలుపెడతారు. చెప్పిందే చెప్పి నోరు నొప్పి పుట్టి, చివరికి ఇలా రాసిపెట్టాను. మొదటి నుంచీ చదవక్కర్లేదు. మీకు కావలసిన ప్రశ్న దగ్గర ఆగండి.

## చిన్నతనం, చదువు

సలీం అలీ ఎవరు? రెండు ముక్కల్లో చెప్పండి.

మన దేశంలో ఏ పిట్ట ఎక్కడ ఉంటుంది, ఏం తింటుంది, ఎప్పుడు గూడు కడుతుంది అన్నది ఊరూరా తిరిగి చూసి, మామూలు మనిషికి అర్థమయ్యేలా రాసినాయన. పిట్టలు బతికే చోట్లు పోతున్నాయని ప్రభుత్వాలకు ఉత్తరాలు రాసి కొన్నిటిని కాపాడినాయన కూడా. 1896 నవంబరు 12న బొంబాయిలో పుట్టారు. 1987 జూన్ 20న అక్కడే, 90 ఏళ్ల వయసులో పోయారు.

ఆయనది డబ్బున్న కుటుంబమేనా? తల్లిదండ్రులు ఎవరు?

పూర్తి పేరు సలీం మొయిజుద్దీన్ అబ్దుల్ అలీ. సులేమానీ బోహ్రా ముస్లిం కుటుంబం. ఇంటినిండా పిల్లలు, వాళ్లలో ఈయనే ఆఖరివాడు. ఏడాది పిల్లవాడిగా ఉన్నప్పుడు తండ్రి, మూడేళ్లప్పుడు తల్లి పోయారు. మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ, ఆయన భార్య హమీదా బేగం పెంచారు. వాళ్లకు పిల్లలు లేరు. బొంబాయి ఖేత్‌వాడీలో ఇల్లు. స్వాతంత్ర్య పోరాటంలో గాంధీ పక్కన నడిచిన అబ్బాస్ త్యాబ్జీ కూడా ఈయనకు మామయ్యే అవుతారు. తిండికీ బట్టకూ లోటు లేని ఇల్లే. ఆ ఇంటి పెద్దలు పెట్టిన వ్యాపారంలో మాత్రం ఈయన నిలదొక్కుకోలేకపోయారు.

పిచ్చుకను కాల్చాక జీవితం మారిపోయిందంటారు. నిజమేనా, కట్టుకథా?

నిజమే, ఆయనే రాసుకున్నారు. పదేళ్ల వయసులో మేనమామ ఒక చిన్న ఎయిర్‌గన్ ఇచ్చారు. దాంతో పిచ్చుకల్ని కొట్టడం ఆట. ఒకరోజు కొట్టిన పిచ్చుక మెడ కింద పసుపు మచ్చ కనిపించింది. ఇది మామూలు ఊరపిచ్చుక కాదు కదా, దీన్ని తినవచ్చా లేదా అని పిల్లవాడికి సందేహం. మామయ్యకూ తెలియలేదు. ఒక చీటీ రాసిచ్చి, జంతువులు, పక్షుల గురించి పరిశోధించే బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపారు. అక్కడ కార్యదర్శిగా ఉన్న మిల్లార్డ్ అనే ఇంగ్లీషాయన ఆ పిట్టను చూడగానే పేరు చెప్పారు. అంతటితో పంపేయకుండా బీరువాల సొరుగులు లాగి, వరసగా పేర్చిన వందలాది పక్షుల చర్మాలు చూపించారు, చదవమని పుస్తకాలిచ్చారు. సొసైటీకి వెళ్లిన ఈ సంగతి 1908 నాటిది. మన పాత పుస్తకాల్లో ఈ పిట్టను అడవి పిచ్చుక, కొండ పిచ్చుక అన్నారు. మిల్లార్డ్‌కు ఆ రోజు పని ఎక్కువగా ఉండి పిల్లవాణ్ని గుమ్మంలోంచే పంపేసి ఉంటే ఏమయ్యేదో అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

చిన్నప్పటి నుంచే నోట్సు రాసేవారా?

రాసేవారు. ఒక ఉదాహరణ చాలు. ఇంటి గుర్రపుశాలలో ఒక ఊరపిచ్చుక గూడు ఉండేది. మగపిట్ట బయట కాపలా, ఆడపిట్ట లోపల గుడ్ల మీద. పిల్లవాడు మగదాన్ని కాల్చాడు. కాసేపటికి అదే చోట మరో మగపిట్ట వచ్చి వాలింది. దాన్నీ కాల్చాడు. ఇలా ఏడు రోజుల్లో ఎనిమిది మగ పిచ్చుకలు పోయాయి. ప్రతిసారీ ఆ ఆడపిట్టకు కొత్త జోడీ సిద్ధంగా ఉందని కాగితం మీద రాసిపెట్టాడు. కాల్చడం సంగతి అలా ఉంచండి. "ఒకటి పోతే ఇంకొకటి ఎక్కడి నుంచి వస్తోంది?" అన్న ప్రశ్న ఆ వయసులో రావడం చూడండి. సుమారు అరవై ఏళ్ల తర్వాత ఆ నోట్సు అచ్చయింది.

డిగ్రీ లేదంటారు, మరి డాక్టర్ సలీం అలీ అని ఎందుకు రాస్తారు?

అది గౌరవ డాక్టరేట్. చదువు ఆయనకు సాఫీగా సాగలేదు. చిన్నప్పుడు తలనొప్పులతో బడి మానుకోవాల్సి వచ్చింది. గాలి మార్పు కోసం సింధుకు బంధువుల దగ్గరికి పంపారు. 1913లో మెట్రిక్ ఎలాగో గట్టెక్కారు. కాలేజీలో చేరి మధ్యలో వదిలేశారు. తర్వాత వాణిజ్యం చదువుతూ, మరోపక్క సెయింట్ జేవియర్స్‌లో ఫాదర్ బ్లాటర్ ప్రోద్బలంతో జంతుశాస్త్రం చదివారు. డిగ్రీ లేదన్న కారణంతోనే ప్రభుత్వ జంతుశాస్త్ర సర్వేలో పక్షిశాస్త్రవేత్త ఉద్యోగం చేజారింది. విచిత్రం ఏమిటంటే, తర్వాతి కాలంలో బొంబాయి విశ్వవిద్యాలయమే ఈయన్ను పీహెచ్‌డీ విద్యార్థులకు గైడుగా గుర్తించింది.

## ఉద్యోగం లేని రోజులు

బర్మా ఎందుకు వెళ్లారు?

కుటుంబానికి అక్కడి టవోయ్ ప్రాంతంలో టంగ్‌స్టన్ గని, కలప వ్యాపారం ఉండేవి. 1914లో చూసుకోమని పంపారు. ఈయన గని కంటే చుట్టూ ఉన్న అడవిని ఎక్కువ చూసుకున్నారు. వ్యాపారం నడవలేదు. 1917లో తిరిగొచ్చేశారు.

జర్మనీలో ఏం నేర్చుకున్నారు?

1926లో బొంబాయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో గైడ్ లెక్చరర్ ఉద్యోగం వచ్చింది, నెలకు 350 రూపాయలు. సందర్శకులకు గాజు పెట్టెల్లోని జంతువుల గురించి చెప్పడం పని. రెండేళ్లకు విసుగొచ్చి, సెలవు పెట్టి బెర్లిన్ వెళ్లారు. అక్కడి మ్యూజియంలో ఎర్విన్ స్ట్రెసెమాన్ అనే పెద్ద పక్షిశాస్త్రవేత్త దగ్గర పనిచేశారు. ఇంగ్లండ్ వాళ్లను అడిగితే పెద్దగా పట్టించుకోలేదు, జర్మనీవాళ్లు ఆదరించారు. హెలిగోలాండ్ దీవిలో, ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తాయో తెలుసుకోవడానికి వలస పక్షుల కాళ్లకు ఉంగరాలు తొడగడం చూసింది కూడా ఆ ప్రయాణంలోనే. 1930లో తిరిగొచ్చేసరికి నిధులు లేవని ఆయన ఉద్యోగాన్నే ఎత్తేశారు.

గిజిగాడి మీద ఆయన కనిపెట్టింది ఏంటి?

ఉద్యోగం పోయాక బొంబాయిలో అద్దె కట్టలేక, సముద్రం అవతల కిహిం అనే పల్లెకు మారారు. ఆ ఇంటి దగ్గర గిజిగాళ్లు గూళ్లు కడుతున్నాయి. చేతిలో పని లేదు, కళ్లెదుట పిట్టలున్నాయి. నెలల తరబడి కూర్చుని చూశారు.

అప్పటిదాకా అందరూ ఒక మగ, ఒక ఆడ కలిసి కాపురం చేస్తాయనే అనుకున్నారు. ఈయన చూసింది వేరు. మగపిట్ట గూడును సగం దాకా, హెల్మెట్ ఆకారం వచ్చేదాకా కట్టి ఆపుతుంది. ఆడపిట్టలు వచ్చి ఇల్లు చూసుకునేవాళ్లలా లోపలికి దూరి, పొడిచి, లాగి చూస్తాయి. నచ్చితే ఉంటాయి. నచ్చకపోతే ఆ సగం గూడు అలాగే వేలాడుతూ ఉండిపోతుంది. ఆడపిట్ట ఒప్పుకున్నాకే మగపిట్ట కింది గొట్టం పూర్తి చేస్తుంది. ఆమె గుడ్లు పెట్టి పొదగడం మొదలుపెట్టగానే ఈ పెద్దమనిషి పక్కనే ఇంకో గూడు మొదలుపెట్టి ఇంకో ఆడపిట్టను పిలుస్తాడు. ఇలా ఒకదాని తర్వాత ఒకటి. 1931లో ఇది సొసైటీ పత్రికలో అచ్చయింది. మన ఊళ్లలో తాటిచెట్లకూ బావిగట్టు తుమ్మలకూ వేలాడే సగం గూళ్లు చూసి "పాపం, వానకు పాడైపోయాయి" అనుకుంటాం. చాలావరకు అవి ఆడపిట్టలు వద్దన్న ఇళ్లు!

గూట్లో మిణుగురులు అతికించి దీపం పెట్టుకుంటుందా అనీ అడుగుతారు. గూట్లో మట్టిముద్దలు ఉండటం నిజం. దీపం ముచ్చట మాత్రం మనవాళ్ల కల్పనే.

జీతం లేకుండా ఇల్లెలా గడిచింది?

సంస్థానాలకు ఆయన ఒక బేరం పెట్టారు: "నాకు జీతం వద్దు. గుడారాలు, బండ్లు, మనుషుల ఖర్చు మీరు భరించండి. మీ రాజ్యంలోని పక్షుల లెక్క నేను తీసిస్తాను." హైదరాబాదు, కొచ్చిన్, తిరువాన్కూరు, గ్వాలియర్, ఇండోర్, భోపాల్ ఒప్పుకున్నాయి. ఇవాళ మనకు ఉచితంగా పనిచేసే వాళ్లంటే చులకన కానీ, దక్షిణ భారత పక్షుల గురించి మనకున్న పాత లెక్కల్లో చాలా భాగం ఆ ఉచిత పని నుంచే వచ్చింది.

భార్య పేరు ఎక్కడా వినపడదు. ఆమె ఎవరు?

తెహ్మీనా బేగం. 1918 డిసెంబరులో పెళ్లయింది. ఇంగ్లండ్‌లో చదువుకున్న మనిషి అయినా అడవిలో గుడారాల బతుక్కి సర్దుకున్నారు. సర్వేలకు వెంట తిరిగారు. తన ఇంగ్లీషు వాక్యం బాగుపడింది ఆమె వల్లే అని సలీం అలీ ఒప్పుకున్నారు. 1939లో చిన్న ఆపరేషన్ తర్వాత ఆమె చనిపోయారు. పిల్లలు లేరు. ఆయన మళ్లీ పెళ్లి చేసుకోలేదు. అక్క కమూ, బావ హసన్ అలీ ఇంట్లో ఉండిపోయారు. హ్యూ విస్లర్ అనే పక్షిశాస్త్రవేత్త ఒక వడ్రంగిపిట్ట ఉపజాతికి తెహ్మీనా పేరు పెట్టారు. పక్షుల శాస్త్రీయ నామాల్లో ఆమె అలా మిగిలారు.

## మన తెలుగు నేల మీద

హైదరాబాదుకు వచ్చారా? ఏం చేశారు?

వచ్చారు. నిజాం రాజ్యంలో పక్షుల సర్వే 1931-32లో జరిగింది. ఆయన చేసిన సంస్థానాల సర్వేల్లో ఇది తొలి రోజుల నాటిది. ఒకచోట డేరా వేసి, పొద్దున్నా సాయంత్రం తిరిగి, నమూనాలు సేకరించి, వాటి కడుపులో ఏముందో కూడా చూసి రాసుకుని, మకాం ఎత్తి ఇంకో చోటికి వెళ్లడం పద్ధతి. ఫలితాలు 1933-34లో సొసైటీ పత్రికలో వరసగా అచ్చయ్యాయి. విస్లర్ వాటికి వ్యాఖ్యలు రాశారు.

తెలంగాణలో ఇప్పుడు ఎవరైనా "ఈ పిట్ట ఇక్కడ కొత్తగా వచ్చింది" అంటే ముందు ఆ పాత జాబితా తీసి చూడాలి. తొంభై ఏళ్ల కింద ఉందో లేదో చెప్పే కాగితం మన దగ్గర ఉండటం అదృష్టమే.

అందులో ఆంధ్ర జిల్లాలు ఉన్నాయా?

లేవు. అప్పటి హైదరాబాదు రాజ్యం అంటే తెలంగాణ, మరాఠ్వాడా, కొన్ని కన్నడ జిల్లాలు. కోస్తా, రాయలసీమ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. సర్వే పేరు చూసి చాలామంది తెలుగు నేల మొత్తం అనుకుంటారు.

కలివికోడిని కనిపెట్టింది సలీం అలీయేనా?

కాదు. ఈ పొరపాటు వ్యాసరచన పోటీల్లో కూడా కనిపిస్తుంది.

19వ శతాబ్దం మధ్యలో థామస్ జెర్డాన్ అనే సైనిక వైద్యుడు ఈ పిట్టను శాస్త్రలోకానికి పరిచయం చేశారు. 1900లో అనంతపురం వైపు ఒకరు చూశారు. తర్వాత 86 ఏళ్లు జాడ లేదు, అంతరించిపోయిందనే అనుకున్నారు. సలీం అలీ తరం వాళ్లు వెతికినా దొరకలేదు. వెతికినవాళ్లంతా పగలు వెతికారు, అది రాత్రి తిరిగే పిట్ట. 1986 జనవరిలో కడప జిల్లా సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లి పొదల్లో, రాత్రిపూట టార్చి వెలుగులో స్థానిక వేటగాడు ఒకాయన పట్టుకున్నారు. వెతుకులాట నడిపింది బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్. అప్పటికి సలీం అలీకి 89 ఏళ్లు. బతికుండగానే ఆ వార్త విన్నారు.

కలివి పొదల మధ్య తిరుగుతుందని ఆ పేరు. ఊరివాళ్లకు పేరుతో సహా తెలిసిన పిట్టను లోకం అంతరించిందని రాసేసుకుంది! తర్వాత 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తెలుగుగంగ కాలువ దారిని కూడా దీనికోసం మార్చాల్సి వచ్చింది.

జాతీయ పక్షిగా నెమలి వద్దన్నారట?

నెమలి మీద కోపం కాదు. నెమలికి అప్పటికే దేవుళ్ల అండ, జనం అభిమానం ఉన్నాయి. బట్టమేకపిట్టకు ఎవరూ లేరు. గడ్డిభూముల్లో నడిచే, పది కిలోలు దాటే బరువున్న పక్షి, వేటకు బలైపోతోంది. జాతీయ పక్షిని చేస్తే దాని గడ్డిభూములు బతుకుతాయని ఆయన వాదన. 1963లో నెమలికే పట్టం కట్టారు. బట్టమేకపిట్ట ఇంగ్లీషు పేరు బస్టర్డ్‌లో ఒక్క అక్షరం తప్పు పడితే బూతు అవుతుందని అధికారులు జంకారంటారు. ఎంత నిజమో గానీ, చెప్పుకుని నవ్వుకుంటారు. కర్నూలు దగ్గర రోళ్లపాడు అభయారణ్యం ఈ పిట్ట కోసం పెట్టిందే. ఇప్పుడు దేశం మొత్తం మీద రెండు వందలు కూడా లేవు. నా ఓటు ఆయనకే.

తెలుగు విశ్వవిద్యాలయాలు గౌరవించాయా?

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1978లో గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. అలీగఢ్, ఢిల్లీ విశ్వవిద్యాలయాలు అంతకుముందే ఇచ్చాయి.

## పుస్తకాలు

ఆయన పుస్తకాల్లో ముందు ఏది చదవాలి?

పిట్టల్ని చూడటం మొదలుపెడుతుంటే "ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్". 1941లో వచ్చింది, ఆ తర్వాత ఎన్నో ముద్రణలు. పిల్లలకైతే లయీక్ ఫతేహల్లీతో కలిసి రాసిన "కామన్ బర్డ్స్", 1967. మనిషి గురించి తెలుసుకోవాలంటే 1985లో వచ్చిన ఆత్మకథ "ది ఫాల్ ఆఫ్ ఎ స్పారో". కేరళ, కచ్, సిక్కిం, హిమాలయ పక్షుల మీద విడివిడి పుస్తకాలున్నాయి. వాటిని ఆయా చోట్లకు వెళ్లేముందు తిరగేస్తే చాలు.

1941 పుస్తకంలో అంత గొప్ప ఏముంది? ఇప్పుడు ఫోన్‌లో యాప్‌లున్నాయి కదా.

యాప్ మంచిదే, నేనూ వాడతాను. ఈ పుస్తకం చేసే పని వేరు.

పక్షి ఎన్ని సెంటీమీటర్లో చెబితే ఎవరికి అర్థమవుతుంది? ఆయన పిచ్చుకంత, బుల్‌బుల్ అంత, గోరువంక అంత, కాకంత, గద్దంత, నాటుకోడి అంత అని చెప్పారు. చిన్నదైతే పక్కన ఒక మైనస్ గుర్తు, పెద్దదైతే ప్లస్. పల్లెటూరి పిల్లవాడికి కూడా కొలబద్ద ఇంటి చూరు మీదే ఉంటుంది. తర్వాత ఆ పిట్ట ఎలా నడుస్తుంది, తోక ఎలా ఊపుతుంది, కూత ఏ మాటలా వినిపిస్తుంది, ఏ నెలల్లో గూడు. ఈకల లెక్క తక్కువ, బతుకు లెక్క ఎక్కువ. ఒక పేజీ చదివి బయటికి వెళ్తే ఆ పిట్టను నడక చూసి గుర్తుపట్టవచ్చు.

ఉపజాతుల తగాదాలంటే ఆయనకు విసుగు. బీరువాలోని చర్మం కంటే కొమ్మ మీది పక్షే ఆయనకు ముఖ్యం. అది వాక్యంలో తెలుస్తుంది.

నెహ్రూ జైల్లో ఈ పుస్తకం చదివారా?

నెహ్రూ డెహ్రాడూన్ జైలు నుంచి ఈ పుస్తకాన్ని కూతురు ఇందిరకు పంపారు. అప్పటిదాకా పక్షుల్ని పట్టించుకోని తనకు దాంతో కొత్త లోకం కనిపించిందని ఇందిరా గాంధీయే చెప్పారు. తర్వాత ఆమె ప్రధాని అయినప్పుడు సలీం అలీ ఉత్తరాలకు విలువ దక్కడంలో ఆ పుస్తకం పాత్ర ఎంతో మీరే ఊహించుకోండి.

పది సంపుటాల హ్యాండ్‌బుక్ అంటారు, అది ఆయన ఒక్కరే రాశారా?

అమెరికా పక్షిశాస్త్రవేత్త డిల్లన్ రిప్లీతో కలిసి. "హ్యాండ్‌బుక్ ఆఫ్ ది బర్డ్స్ ఆఫ్ ఇండియా అండ్ పాకిస్తాన్", పది సంపుటాలు, మొదటిది 1968లో, చివరిది 1974లో. చివరిది వచ్చేనాటికి సలీం అలీ డెబ్భై ఎనిమిదో ఏట ఉన్నారు. ఇది జేబులో పెట్టుకునేది కాదు, లైబ్రరీలో కూర్చుని చూసుకోవాల్సింది.

ఆత్మకథలో తనను తిట్టిన మాటలు కూడా అచ్చేశారట?

అవును, నాకు ఆ పుస్తకంలో బాగా నచ్చిన భాగం అదే. 1937లో రిచర్డ్ మైనర్ట్‌జాగెన్ అనే ఇంగ్లీషు సైనికాధికారితో అఫ్గానిస్తాన్ వెళ్లారు. ఆయన తన డైరీలో సలీం అలీ నమూనాల సేకరణకు తప్ప దేనికీ పనికిరాడని రాసుకున్నారు. సలీం అలీ ఆ మాటల్ని తీసి తన ఆత్మకథలో పెట్టి నవ్వుకున్నారు.

మైనర్ట్‌జాగెన్ మ్యూజియం నమూనాలు దొంగిలించి, దొరికిన చోటు మార్చి తప్పుడు చీటీలు అంటించారని తర్వాత బయటపడింది. అడవి పైడికంటె అనే చిన్న గుడ్లగూబను సలీం అలీ, రిప్లీ ఆ తప్పుడు చీటీ నమ్మి గుజరాత్‌లో వెతికారు, దొరకలేదు. 1997లో వేరేవాళ్లు మహారాష్ట్రలో కనుగొన్నారు. అప్పటికి సలీం అలీ లేరు.

## కాపాడే పని

ధర్నాలు, ర్యాలీలు చేశారా?

ఆయన ఆయుధం ఉత్తరం. ఫలానా చోట ఫలానా పక్షులు ఇన్ని ఉన్నాయి, ఫలానా పని చేస్తే పోతాయి అని లెక్కతో సహా రాసేవారు. రాసేది నేరుగా ప్రధానికే. లెక్క చేతిలో ఉన్న మనిషి మాట గట్టిగా ఉంటుంది. ప్రధాని ఇంట్లో చదివే రచయిత కావడమూ కలిసొచ్చింది, అది అందరికీ ఉండే వెసులుబాటు కాదు. స్వాతంత్ర్యం వచ్చాక డబ్బుల్లేక మూతపడే స్థితికొచ్చిన బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీని కూడా నెహ్రూకు రాసే నిలబెట్టారు.

భరత్‌పూర్‌ను ఎలా కాపాడారు?

రాజస్థాన్‌లోని కేవలాదేవ్ చిత్తడి నేల భరత్‌పూర్ రాజుగారి బాతుల వేట స్థలం. 1938లో వైస్రాయ్ లిన్‌లిత్‌గో వచ్చినప్పుడు ఒక్కరోజులో 4,273 పక్షుల్ని కాల్చారు. గొప్పగా చెక్కించిన ఆ లెక్క ఇప్పటికీ అక్కడ రాతి మీద ఉంది. స్వాతంత్ర్యం తర్వాత, రాజుల కోసం ఇంత నీళ్ల నేల ఎందుకు, ఎండగట్టి సాగుకిద్దాం అన్న డిమాండ్ వచ్చింది. భూమిలేని రైతు అడిగింది అన్యాయమేమీ కాదు. సలీం అలీ నెహ్రూకు నచ్చజెప్పి ఆపారు. అక్కడ ఏళ్ల తరబడి పక్షులకు ఉంగరాలు తొడిగించారు. ఎక్కడో సైబీరియా నుంచి వస్తున్న పక్షులివి అని రుజువు చూపగలగడం ఆ నేలకు రక్ష అయింది. 1985లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

ఆయన తప్పులు ఏమీ చేయలేదా?

చేశారు, అది కూడా భరత్‌పూర్‌లోనే. గేదెలు మేస్తే చిత్తడి నేల పాడవుతుందని ఆయనా, మరికొందరు నిపుణులూ గట్టిగా నమ్మారు. నేషనల్ పార్క్ చేశాక 1982లో మేత నిషేధించారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తరతరాలుగా అక్కడే గేదెల్ని మేపుకునేవాళ్లు. గొడవ జరిగింది, పోలీసులు కాల్చారు, మనుషులు చనిపోయారు.

తర్వాత జరిగింది చూడండి. గేదెలు లేకపోయేసరికి గడ్డి విపరీతంగా పెరిగి నీళ్లను కప్పేసింది. బాతులకు, కొంగలకు చోటు తగ్గింది. గేదెలే ఆ గడ్డిని అదుపులో ఉంచుతున్నాయని తేల్చింది ఎవరో కాదు, ఏళ్లపాటు అధ్యయనం చేసిన ఆయన సొంత సొసైటీయే. పిల్లలకు ఆయన కథ చెప్పేటప్పుడు ఈ భాగం దాచొద్దని టీచర్లను అడుగుతుంటాను. పిట్టను అంత ఓపికగా చూసిన మనిషి గేదెను చూడలేదు.

సైలెంట్ వ్యాలీలో ఆయన పాత్ర ఎంత?

ఉద్యమం నడిపింది కేరళ వాళ్లు: అక్కడి శాస్త్ర సాహిత్య పరిషత్తు, కవయిత్రి సుగతకుమారి, ఇంకా ఎందరో. సైలెంట్ వ్యాలీ అడవిలో పారే కుంతిపుళ నది మీద విద్యుత్ ప్రాజెక్టు వద్దన్నది పోరాటం. సలీం అలీ అక్కడికి వెళ్లి చూసి, ప్రాజెక్టు ఆపమని విజ్ఞప్తి చేశారు. 1984లో అది నేషనల్ పార్క్ అయింది. ఆయన మాట బరువు సాయపడింది కానీ, ఆ ఘనత మొత్తం ఆయన ఖాతాలో వేయడం న్యాయం కాదు.

వేలాది పిట్టల్ని కాల్చినాయన పక్షి ప్రేమికుడు ఎలా అవుతారు?

ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరైనా అడుగుతారు, అడగాల్సిన ప్రశ్నే. ఆయన కుర్రతనంలో సరదాకే కాల్చారు, దాన్ని దాచుకోలేదు. తర్వాత కాల్చింది నమూనాల కోసం. దూరంలోని పక్షిని దగ్గరగా చూపించే కెమెరాలు అప్పట్లో లేవు. ఒకేలా కనిపించే రెండు పిట్టలు వేరువేరు జాతులా అని తేల్చాలంటే చేతిలో పట్టుకుని రెక్క కొలవాల్సిందే. కడుపులో పురుగులున్నాయా, గింజలున్నాయా చూస్తేనే అది రైతుకు చుట్టమా కాదా తెలిసేది. ఇవాళ మనం కాల్చకుండా ఫొటో చూసి పేరు చెప్పగలుగుతున్నామంటే ఆ చర్మాలే ఆధారం.

ఈ జవాబు అందరికీ నచ్చదు. ఒకసారి ఏడో తరగతి అమ్మాయి "అయినా సరే సార్, ఎనిమిది పిచ్చుకలు ఎక్కువే" అంది. నేను వాదించలేదు.

## మనిషిగా

మోటారుసైకిల్ మీద ఇండియా నుంచి స్వీడన్ వెళ్లారా?

అక్కడికి చేరిన రోజు అందరూ అలాగే అనుకున్నారు! 1950లో స్వీడన్‌లోని ఉప్సాలాలో పక్షిశాస్త్రవేత్తల మహాసభ. 53 ఏళ్ల సలీం అలీ తన సన్‌బీమ్ మోటారుసైకిల్‌ను ఓడలో వేసుకుని యూరప్ చేరి, అక్కడి నుంచి తోలుకుంటూ వెళ్లారు. దారిలో ఫ్రాన్స్‌లో చిన్న ప్రమాదం, జర్మనీ రాళ్లబాటల మీద కొన్నిసార్లు కింద పడటం. బండ్ల పిచ్చి మామూలుగా ఉండేది కాదు. హార్లే డేవిడ్‌సన్‌లే మూడు రకాలు నడిపారు. బీఎండబ్ల్యూ కొనలేకపోయానన్నది ఆయన చెప్పుకున్న లోటు.

కోపం ఎక్కువ అంటారు?

టైముకు రానివాళ్లంటే పడదు. గురక అంటే అసలు పడదు. క్యాంపుల్లో గురకపెట్టేవాళ్ల గుడారాలు ఆయన గుడారానికి దూరంగా వేయాల్సిందే.

ఏయే అవార్డులు వచ్చాయి? స్కూల్ ప్రాజెక్టుకు కావాలి.

పద్మభూషణ్ 1958, పద్మవిభూషణ్ 1976. బ్రిటిష్ పక్షిశాస్త్రవేత్తల సంఘం బంగారు పతకం 1967, బ్రిటిష్ పౌరుడు కాని వ్యక్తికి అది ఇవ్వడం అదే మొదలు. 1985లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. అంతర్జాతీయ బహుమతిగా వచ్చిన పెద్ద మొత్తాన్ని ప్రకృతి పరిరక్షణ నిధిగా పెట్టేశారు. ఆయన పుట్టినరోజు నవంబరు 12ను మన దేశంలో పక్షి దినోత్సవంగా జరుపుకుంటారు.

ఆయన పేరుతో ఉన్న పక్షి ఏది?

ఒక వానకోయిల, హిమాలయాల్లోని ఒక అడవి పిట్ట (2016లో గుర్తించారు), ఒక కంపకౌజు ఉపజాతి. అన్నిటికంటే నాకు ముచ్చటగా అనిపించేది గబ్బిలం. 1948లో తమిళనాడు కొండల్లో పట్టి సొసైటీ బీరువాలో వేరే పేరుతో పెట్టేశారు. 1972లో థాయ్ శాస్త్రవేత్త ఒకాయన చూసి, ఇది కొత్త జాతి అని సలీం అలీ పేరు పెట్టారు. గోవాలో, కేరళలోని తట్టేకాడ్‌లో పక్షి కేంద్రాలకు ఆయన పేరే. కోయంబత్తూరు దగ్గర ఆనైకట్టిలో 1990లో పెట్టిన పక్షి పరిశోధన సంస్థకూ అంతే.

కాలికి ఉంగరం ఉన్న పక్షి దొరికింది. దానికీ సలీం అలీకీ సంబంధం ఉందా?

ఉండొచ్చు. మన దేశంలో పెద్ద ఎత్తున పక్షులకు ఉంగరాలు తొడగడం మొదలుపెట్టించింది ఆయనే. కర్ణాటక క్యాసనూర్ అడవిలో 1957లో బయటపడ్డ జ్వరానికి కారణమైన వైరస్‌ను వలస పక్షుల మీది పిడుదులు మోసుకొచ్చాయేమో అన్న అనుమానంతో, ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో ఆ పని ఊపందుకుంది. ఉంగరం మీద బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి తెలియజేయండి అని ఇంగ్లీషులో, పక్కన ఒక నంబరు ఉంటాయి.

పక్షి బతికి ఉంటే ఉంగరం తీయొద్దు. నంబరు స్పష్టంగా కనిపించేలా ఫొటో తీసి, తేదీ, ఊరు, చెరువు పేరు రాసుకుని పక్షిని వదిలేయండి. చనిపోయి ఉంటే ఉంగరం జాగ్రత్త చేయండి. ఆ వివరాలు సొసైటీకి పంపితే, ఆ పక్షికి ఎక్కడ, ఏ రోజు ఉంగరం తొడిగారో వాళ్లు తిరిగి రాస్తారు.